రెండు గాజుల మధ్య మసి

సువార్తత్త జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, వచ్చినవాళ్ళు భోజనాలు చేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, ఆమె రేకుపెట్టె తెరిచే పని నా మీద పడింది. ఆ పని చెయ్యడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు. మా నాన్నకి ఆమె ఒక్కతే చెల్లెలు. ఆమెకి పిల్లలు లేరు. నాన్నా, అమ్మా ఆమెకంటే ముందే వెళ్ళిపోయారు. పెట్టెలో పెద్దగా ఏమీ లేవు. చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీరలు నాలుగు, ఒక దుప్పటి, చట్రం ఊడిపోయిన పలక ఒకటి. ఎన్నేళ్ళ కిందట దూరిందో, చీరల మడతల్లో మిరపకాయ ఘాటు ఇంకా ఉంది. రెండుసార్లు తుమ్మాను. అడుగున పాత రవికగుడ్డలో చుట్టి నూలుతాడు కట్టిన చిన్న పొట్లం కనపడింది. చేతిలోకి తీసుకోగానే దాని అరచేతి వెడల్పూ, అంచుల గరుకూ తెలిశాయి. విప్పకుండానే అదేమిటో నాకు తెలిసిపోయింది. అది పగిలిపోయిందనీ, పారేశాననీ అత్త నా ఎదురుగానే మా నాన్నకి చెప్పింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని, విప్పకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

దాని గురించి తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే, అత్తా నేనూ. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా చెప్పకుండా పోతే మా నాన్న మీద పడ్డ నింద అలాగే ఉండిపోతుంది. ఊళ్ళో వాళ్ళు వేసిన నింద కాదది. ఆయన తన మీద తానే వేసుకున్నది. అందుకే రాస్తున్నాను.

మా ఊరు అద్దంకికీ చిలకలూరిపేటకీ మధ్య, బస్సు దిగి రెండు మైళ్ళు నడిచే దూరంలో ఉండేది. అంతా నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడి చెప్పు అక్కడే ఉండిపోయేది. మా పేటలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మొదటివాడు మా నాన్న, దేవదానం మాస్టారు. ఊళ్ళో చిన్నబడికి ఆయనే పంతులు. పేపరు ఒకరోజు ఆలస్యంగా బస్సులో వచ్చేది. దాన్ని తెచ్చుకుని, వేపపుల్ల నోట్లో పెట్టుకుని, వాకిట్లో నిలబడి పైకి చదివేవాడు. ఎవరు వింటున్నారన్న పట్టింపు లేదు. గేదె వింటున్నా చదివేవాడు. ప్రతి చిన్నదానికీ 'ఎందుకు' అని అడగడం ఆయన జబ్బు అనేది నాయనమ్మ. ఆమెది ఇంకో జబ్బు, చుట్ట. పాస్టరుగారు వస్తున్నారంటే కాలుతున్న చుట్టని గోడ సందులో గుచ్చి, ఆయన ప్రార్థన చేసినంతసేపూ ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను ఆ సందు మీదే పెట్టి ఉంచేది. బాప్తిస్మం పుచ్చుకుని నలభై ఏళ్ళయినా గ్రహణం అంటే చాలు, పచ్చడి జాడీ మీద గరికపోచ వేసేది. "దేవుడికి కోపం రాదా అమ్మా?" అని నాన్న అడిగితే, "జాడీ నాది. దేవుడు పచ్చడి తినడుగదా?" అనేది.

సువార్తత్త ఇరవై అయిదేళ్ళకే మా ఇంటికి తిరిగొచ్చింది. మామయ్యని పత్తిచేలో పాము కరిచింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. నవ్వితే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయేది. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయ ఆరబోసేవాళ్ళు. ఎటు చూసినా ఎరుపే. మనుషులంతా తుమ్ముతూ, దగ్గుతూనే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఎండిన కాయలోంచి తెల్లబారినవీ, మచ్చపడ్డవీ ఏరి పక్కన పడేసే పని ఆడవాళ్ళది. ఆ పనికిరాని కాయని తాలుకాయ అంటారు. తాలు ఏరడంలో అత్తని మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. మిగతావాళ్ళు కాయని చేత్తో తిప్పి చూసి పడేసేవాళ్ళు. అత్త తిప్పేది కాదు. ఆమె చూపు ముందు వెళ్ళేది, చెయ్యి వెనక వెళ్ళేది. "ఆ పిల్లవి కళ్ళా, డేగ కళ్ళా?" అని మేస్త్రి సుబ్బయ్య అనేవాడు. రైతులు ముందుగా వచ్చి ఆమెని పిలుచుకుపోయేవాళ్ళు.

అంత చూపున్న మనిషికి అక్షరం రాదు. అది నాన్నకి కొరతగా ఉండేది. నేను ఒకటో తరగతిలో చేరిన ఏడే అత్తకీ చదువు మొదలుపెట్టాడు. మా ఇద్దరికీ ఒకటే పలక. పొద్దుగూకే వేళ పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, ఒక పక్క నేను రాసేదాన్ని, రెండో పక్క ఆమె. మిరప ఘాటు పట్టిన వేళ్ళతో బలపం పట్టుకుని, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని, నీళ్ళు కారుస్తూ నవ్వేది. నాన్న బడి పనుల్లో ఉంటే నేనే ఆమెకి పంతులమ్మని. ఎవరి సాయమూ లేకుండా ఆమె మొదటిసారి చదివిన మాట నా పేరు. రూతు. రెండే అక్షరాలు కాబట్టి నేనే పలక మీద రాసి ఇచ్చాను. "రూ... తు" అని వేలు పెట్టి చదివి, నా మొహం వంక చూసి, "ఓసినీ! నువ్వేగదే ఇది!" అంది. రెండేళ్ళు తిరిగేసరికి ఆదివారం ఆరాధనలో ఆడవాళ్ళ తరఫున లేచి నిలబడి వాక్యం చదివే స్థితికి వచ్చింది. మా చర్చిలో అంతకుముందు ఆడమనిషి లేచి చదవలేదు. ఆమె చదువుతున్నంతసేపూ నాన్న తల వంచుకుని కూర్చునేవాడు. భక్తి అని అందరూ అనుకునేవాళ్ళు. కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ ఏడు మాఘంలోనే సంపూర్ణ సూర్యగ్రహణం వస్తోందని పేపర్లో పడింది. మాకు ఉత్తరాన, కృష్ణకి అవతల ఉన్న ఊళ్ళల్లో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయి పట్టపగలు చుక్కలు కనపడతాయట. మేం ఆ నీడ అంచుకి కాస్త ఇవతల ఉన్నాం. పేపర్లో వేసిన ఆ నీడ దారి పటాన్ని నాన్న కత్తిరించి, బడి గోడకి అంటించి, స్కేలు పెట్టి మా ఊరు ఎక్కడుందో చుక్క పెట్టాడు. "మన దగ్గర పూర్తిగా మూయదు. గోరంత మిగులుద్ది. ఆ గోరంతే కళ్ళు పోగొట్టుద్ది. అక్కడివాళ్ళు కాసేపు ఉత్త కళ్ళతో చూడొచ్చేమో, మనం చివరిదాకా చూడకూడదు" అని పిల్లలందరిచేతా మూడుసార్లు చెప్పించాడు. ఇది గుర్తుపెట్టుకోండి. మా నాన్న తెలియక చెప్పలేదు. ఆయనకి తెలిసినంతవరకూ ప్రతి మాటా సరిగ్గానే చెప్పాడు.

ఊరు మాత్రం తలుపులు వేసుకునే పనిలో ఉంది. రేడియో కూడా బయటికి రావొద్దంటోంది. చూడాలంటే పసుపునీళ్ళ పళ్ళెంలో నీడ చూడాలి తప్ప తల ఎత్తకూడదని పెద్దవాళ్ళ మాట. నాన్నకి ఇది నచ్చలేదు. జన్మకొకసారి వచ్చేదాన్ని గదిలో కూర్చుని పోగొట్టుకుంటారా అని ఆయన బాధ. గాలివానకి పగిలిన బడి కిటికీ అద్దాలు ఒక మూల ఉంటే, వాటిని గోనెసంచిలో వేసుకుని అద్దంకి తీసుకెళ్ళి, ఫోటోలకి ఫ్రేములు కట్టే అతనిచేత అరచెయ్యంత ముక్కలు కోయించుకొచ్చాడు. ఇరవై నాలుగు ముక్కలు. పన్నెండింటికి మసి పట్టించి, ఒక్కోదాని మీద ఒక్కో తెల్ల ముక్క మూతలాగా పెట్టి, అంచులకి మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టరు చుట్టాలని ఏర్పాటు. ఆ రోజుల్లో అందరం అదే క్షేమం అనుకున్నాం.

గ్రహణం ముందురోజు మధ్యాహ్నం ఇల్లంతా కిరసనాయిలు వాసన. నాన్న బుడ్డి వెలిగించి, వత్తి పైకి లాగి, గాజుముక్కని పట్టకారుతో పట్టుకుని మంట మీద అటూ ఇటూ తిప్పుతుంటే, నల్లటి మసి వెల్వెట్టు గుడ్డలాగా పరుచుకునేది. నాయనమ్మ గడపలో కూర్చుని చుట్ట నములుతూ చూస్తోంది.

"ఒరే అబ్బాయ్, ఇంట్లో కూర్చుంటే ఏం పోయిద్దిరా? సూర్యుణ్ణి రోజూ చూస్తానే ఉన్నాంగా" అంది.

"రోజూ చూసేదాంట్లో వింతేముందమ్మా, రేపటిదే చూడాలి" అన్నాడు నాన్న.

"కళ్ళు నీయొక్కడివే అయితే చూడు. ఊరోళ్ళ కళ్ళు నెత్తినేసుకోబాక."

ఆ మాటకి నాన్న నవ్వాడు. తరవాతి నలభై ఏళ్ళలో ఆ మాట ఆయన ఎన్నిసార్లు తలుచుకున్నాడో నాకు తెలుసు.

మసి పట్టిన ముక్కల్ని అరుగు మీద వరసగా పెట్టి, మూతలు అంటించే పని నాకు అప్పజెప్పాడు. "గోరు తగిలినా మసి పోయిద్ది. వెలుగు ఆ సందులోంచే దూరిద్ది. అంచులు పట్టుకుని చెయ్యి" అని చెప్పి బడికి వెళ్ళాడు. పదకొండు ముక్కలకీ చెప్పినట్టే చేశాను. పన్నెండోది నాది. ఏదో ఒక గుర్తు లేకపోతే రేపు నా గాజు ఎవరైనా తీసుకుంటారని భయం. మసి అంత నున్నగా, పలకకంటే నల్లగా, రాయమని పిలుస్తున్నట్టు ఉంది. చీపురుపుల్ల తీసుకుని మధ్యలో రాశాను. రెండు అక్షరాలు. రాశాక ముద్దుగా అనిపించింది. పైన మూత పెట్టి, ప్లాస్టరు చుట్టేశాను. అంతే. చిన్నపిల్ల చేసిన పని. ఇన్నేళ్ళలో ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నతో వచ్చినవాళ్ళం పదీ పదిహేను మందిమి. బడి ముందు నిలబడితే ఊళ్ళో పెద్దలు తిడతారని, ఊరి చివర కళ్ళానికి వెళ్ళాం. ఆ రోజు పని ఆపేశారు. మిరపకాయ పరిచింది పరిచినట్టే ఉంది. పక్కన కూలీలు నీడపట్టున కూర్చోవడానికి వేసిన తాటాకు చావిడి. నాయనమ్మ కూడా వచ్చింది గానీ, కొడుకు మీద కాపలాకి వచ్చానని చెప్పి చావిడిలోనే కూర్చుంది. నాన్న ఒక్కొక్కరి గాజూ తీసుకుని ఆకాశానికి పెట్టి, మసి పల్చగా ఉందేమో చూసి ఇస్తున్నాడు. నా వంతు దగ్గరికొచ్చింది. అత్త గాజు అప్పటికే చూసి ఇచ్చాడు. ఆమె కొంగు పట్టుకుని లాగాను.

"అత్తా, నా గాజు మీద గీశాను. నాన్న చూస్తే కొడతాడు."

"ఎంత పని చేశావే!" అని గుసగుసలాడి, నా గాజు లాక్కుని తనది నా చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో. దాంట్లోంచి నువ్వు చూడబాక. నేను కూడా చూడన్లే, అమ్మ దగ్గర పళ్ళెంలో చూసుకుంటా." నాన్న నా చేతిలో గాజు చూశాడు, బాగుందన్నాడు, నా తల నిమిరి ముందుకు వెళ్ళిపోయాడు.

సూర్యుడి పక్కన ముందు చిన్న కొరుకు పడింది. దోరజామకాయని ఎవరో కొరికినట్టు. కాసేపు చూసి, కళ్ళు దించి, మళ్ళీ చూడమని నాన్న అంకెలు లెక్కపెట్టాడు. కొరుకు పెరిగేకొద్దీ ఎండ ఎండలాగా లేదు. వెలుగు ఉంది గానీ వేడి లేదు. నీడలు కత్తితో కోసినట్టు నేల మీద పడ్డాయి. కళ్ళంలో మిరపకాయ ఎరుపు తగ్గి ఇటుక రంగుకి, ఇటుక రంగు నుంచి మట్టి రంగుకి దిగింది. ఊళ్ళో కోళ్ళు గంపల వైపు పరిగెత్తాయని తరవాత అమ్మ చెప్పింది. చల్లగాలి వీచింది. అప్పుడు చావిడిలోంచి నాయనమ్మ కేక పెట్టింది.

"ఒరే దేవదానం! నీ సూర్యుళ్ళు ఇక్కడున్నయ్ రా! రండి, రండి!"

పరిగెత్తాం. తాటాకు కప్పులో చిల్లులు ఎన్ని ఉన్నాయో అన్ని నెలవంకలు నేల మీద పడ్డాయి. నాయనమ్మ చీర మీద, ఆమె పసుపునీళ్ళ పళ్ళెం మీద, మూల పోసిన మిరపకాయ రాశి మీద, వందల కొద్దీ సన్నటి వెలుగు కొడవళ్ళు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. మా నాన్న చిన్నపిల్లాడిలాగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "చిల్లు చిన్నదైతే సూర్యుడి బొమ్మే పడుద్ది. పుస్తకంలో చెప్పాను గానీ, ఎప్పుడూ చూడలేదమ్మా" అన్నాడు. నాయనమ్మ గర్వంగా, "మరి బయట నిలబడి మెడలు విరగ్గొట్టుకోవడం దేనికి? కూర్చున్నచోటికే వచ్చె" అంది. ఆ రోజు అక్కడున్నవాళ్ళందరిలోకీ క్షేమంగా గ్రహణం చూసింది ఆమె ఒక్కతే. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

అత్త రాలేదని నేను ముందు గమనించలేదు. గుర్తొచ్చి చావిడి గుంజ దగ్గరికొచ్చి చూశాను. కళ్ళం మధ్యలో ఒక్కతే నిలబడి ఉంది. నా గాజుని రెండు చేతులా పట్టుకుని, చేతులు చాపి, సూర్యుడికి ఎదురుగా పెట్టింది. పెదాలు కదులుతున్నాయి. పలక ముందు కూర్చున్నప్పుడు ఎలా కదిలేవో అలా కదులుతున్నాయి.

"అత్తా, రా!" అన్నాను.

"రూతమ్మా, నీ పేరు వెలుగుతాందే!" అంది, కళ్ళు తిప్పకుండానే. "రూ... తు... ఎట్టా వెలుగుతాందో చూడు! వద్దు వద్దు, నువ్వు రాబాక, అక్కడే ఉండు."

ఎంతసేపు అలా చూసిందో చెప్పలేను. నాకు సంతోషంగా ఉంది. అత్త నా పేరుని సూర్యుడిలో చదువుతోంది. అంతకంటే గొప్ప సంగతి ఏముంటుంది? ఆమె చావిడిలోకి వచ్చేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మిరప ఘాటు అంది.

మర్నాడు పని మొదలైంది. బడి వదిలాక నేను కళ్ళం దగ్గరికి వెళ్ళేసరికి మేస్త్రి సుబ్బయ్య గొంతు వినపడుతోంది. "ఏందమ్మా సువార్తా, మంచికాయంతా తాలులో పడేశావ్! నిద్ర పోలేదా?" అత్త ఒక్కో కాయని చేత్తో తిప్పి, మొహం పక్కకి పెట్టి, కోడి గింజని చూసినట్టు ఓరగా చూస్తోంది. నేను దగ్గర కూర్చుంటే చిన్నగా చెప్పింది: "ఏది చూస్తానో అది కనపడటంలా. దాని చుట్టుపక్కలంతా కనపడతాంది. నీ మొహం వంక చూస్తే నీ చెవులే ఉన్నయ్." నేను నవ్వాను. ఆట అనుకున్నాను. ఆమె నవ్వలేదు.

ఆదివారం వాక్యం చదవడానికి ఆమె పేరు పిలిచారు. లేచి, పుస్తకం తెరిచి పట్టుకుంది. గొంతు ఎప్పటిలాగే ఉంది. ఎక్కడా తడబడలేదు. నేను పక్కనే ఉన్నాను, పేజీ వంక చూశాను. ఆమె చెప్పే మాటలు ఆ పేజీలో లేవు. వేరే చోట తెరిచి పట్టుకుని, బడిలో మేం ఎక్కాలు చెప్పినట్టు కంఠతా చెబుతోంది. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మీ నాన్నకి చెప్పబాక. గాజు సంగతి అసలే చెప్పబాక. చిన్నపిల్లవి, ఏం కాదులే, తగ్గిపోయిద్ది" అంది.

తగ్గలేదు. మూడు వారాలకి నాన్నే కనిపెట్టాడు. గుంటూరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, నన్ను కూడా వెంటబెట్టుకుని. డాక్టరు చీకటిగదిలో దీపం వేసి చాలాసేపు చూసి, లోపల కాలిందన్నాడు. మందు లేదన్నాడు. కొంత తనంతట తనే రావచ్చు, అక్షరాల చూపు రావడం మాత్రం కష్టమన్నాడు. దేంతో చూశారని అడిగాడు.

"నేను చేసిన గాజేనండి. మసి సరిగా పట్టించలేదు. తప్పు నాది" అన్నాడు నాన్న.

"ఆ గాజు ఉందా?"

"పగిలిపోయింది, అన్నా. పారేశా" అంది అత్త, నాన్న వైపు తిరిగి. ఆమె అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. తిరుగు బస్సులో నాన్న కిటికీ వైపు మొహం పెట్టుకుని చిలకలూరిపేట దాకా ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నాకు అప్పుడు తెలిసింది.

ఆ తరవాత ఆయన మారిపోయాడు. ఆరాధనలో అత్త పేరు పిలవడం మానేశారు. ఆమె అడక్కుండానే రోజూ పొద్దున్నే పేపరూ, సాయంత్రం వాక్యమూ ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించడం మొదలుపెట్టాడు. జ్వరం వచ్చినా మానలేదు. రిటైరయ్యాక గొంతు వణుకుతున్నా మానలేదు. బడిలో మాత్రం 'ఎందుకు' అని అడగడం తగ్గించాడు. పిల్లలు ఏదైనా ప్రయోగం చేద్దామంటే వద్దనేవాడు. తరవాత వచ్చిన గ్రహణాలకి ఆయనే ఇంటింటికీ తిరిగి, బయటికి రాకండి, తలుపులు వేసుకోండి అని చెప్పాడు. ఊళ్ళో పెద్దలు నవ్వుకున్నారు. "మాస్టారికి బుద్ధొచ్చింది" అన్నారు. వాళ్ళకి బుద్ధిగా కనిపించింది భయమని నాకు తెలుసు. అది నేను రాసిన రెండు అక్షరాల్లోంచి వచ్చిందనీ తెలుసు. అత్త తాలు ఏరే పని మానేసి, వేళ్ళతో తెలిసే పనులకి మళ్ళింది. పత్తి తీసేది, తొడిమలు తుంచేది. మనుషుల్ని గొంతుతో పోల్చుకునేది. నేను పెద్ద చదువు చదివి టీచర్నయితే, నా ఉద్యోగపు కాయితాన్ని చేత్తో తడిమి, "నీ పేరు ఎక్కడుంది?" అని అడిగి, ఆ చోట వేలు పెట్టుకుంది.

పెద్దదాన్నయ్యాక చెప్పొచ్చుగా అని మీరు అడుగుతారు. అత్త వద్దందని సర్దిచెప్పుకున్నాను. అసలు మసిగాజే పనికిరాదనీ, ఎక్స్-రే ఫిల్మూ, నల్లకళ్ళద్దాలూ ఏవీ పనికిరావనీ తరవాత చదివి, ఆ మాట పట్టుకుని తప్పించుకోవాలని కూడా చూశాను. కానీ ఆ రోజు పదకొండు గాజుల్లోంచి చూసినవాళ్ళకి ఏమీ కాలేదు. అది వాళ్ళ అదృష్టమే కావచ్చు. పన్నెండో గాజులోంచి చూసిన మనిషి కళ్ళు పోయాయి. చివరి రోజుల్లో నాన్న మంచం మీద పడుకుని, ఎవరితోనో అన్నట్టు, "ఇంకో పొర మసి పట్టించాల్సింది" అన్నాడు. నేను కాళ్ళు పడుతున్నాను. "ఊరుకో నాన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాను. నా ముందు తలుపు బార్లా తెరిచి ఉంది, నేను లోపలికి వెళ్ళలేదు. ఆయన పోయింది ఆ వారంలోనే. అత్తతో మాత్రం ఒకసారి, నాన్న పోయిన ఏడాదికి, నోరు తెరిచాను. "అత్తా, ఆ గాజు..." అనగానే నా నోటి మీద చెయ్యి పెట్టింది. చూపు ఆనని మనిషి చెయ్యి, గురి తప్పకుండా నోటి మీదే పడింది. "నేనే చదివా. ఎవరూ చదవమన్లా. అక్షరం కనపడితే ఊరుకోలేకపోయినా. చదువు నేర్చింది చదవడానికేగదే?" అంది. దాని గురించి మేం మాట్లాడుకున్నది అంతే.

పొట్లం విప్పాను. ప్లాస్టరు పచ్చబడి గట్టిపడింది. రెండు గాజుల మధ్య మసి నిన్న పట్టించినట్టే ఉంది. మధ్యలో నా అక్షరాలు. రూ కాస్త పెద్దది, తు కాస్త వంకర. ఇది ఇంట్లో ఉన్నంతకాలం ఎప్పుడైనా నాన్న కంట పడే ప్రమాదం ఉండేది. పారేస్తే పోయేది. పారెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు. తను చదివిన ఆఖరి మాట అందులో ఉంది.

ఊళ్ళో ఆ చిన్నబడి ఇప్పుడు రెండంతస్తుల డాబా. అక్కడ హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది. కూడిక రోజున కనపడి, మళ్ళీ సూర్యగ్రహణం వస్తోంది, పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి టీచర్ అంది. పోయిన వారం వెళ్ళాను. దారి పొడుగునా కళ్ళాలు చూశాను. మిరపకాయ అదే, ఎరుపు అదే, ఘాటు అదే. తాటాకు చావిళ్ళు మాత్రం లేవు, అన్నీ రేకుల షెడ్లు. ఏ చిల్లులోంచీ నెలవంక పడదు. గ్రహణం వస్తే జనం ఇళ్ళల్లో కూర్చుని ఫోన్లో చూస్తారట. గరికపోచ ఇంకా వేస్తున్నారు. ముట్టుకుంటే మసి అంటనంత శుభ్రంగా, గ్రహణం చూడ్డానికే అట్టచట్రంతో కళ్ళద్దాలు వస్తున్నాయి. వాటి మీద గీత పడితే విరిచి పారెయ్యాలని పిల్లలకి చెప్పాను. అట్టకి గుండుసూదితో చిల్లు పొడిచి, వీపు సూర్యుడి వైపు పెట్టి, కాయితం మీద బొమ్మ ఎలా పట్టుకోవాలో చూపించాను. మా నాయనమ్మ చీర మీద పడ్డ సూర్యుళ్ళ సంగతి చెబితే నవ్వారు. ఒకడు లేచి ఎందుకలా పడుతుంది టీచర్ అని అడిగాడు. ఆ 'ఎందుకు' విని, వాణ్ణే ముందుకు పిలిచి అట్ట చేతికిచ్చాను.

చివర్లో సంచిలోంచి గాజు తీశాను. ఇలాంటివి ఎవరైనా ఇస్తే తీసుకోవద్దని చెప్పడానికే తెచ్చాను. అంతవరకే చెప్పి, మళ్ళీ సంచిలో పెట్టేసుకుందామని. ముందు వరసలో కూర్చున్న నాలుగో తరగతి పిల్ల చెయ్యి చాపింది. ఇచ్చాను. సూర్యుడి వైపు పెట్టొద్దు అంటే, తెల్ల గోడకి ఎదురుగా పట్టుకుని, మొహం దగ్గరికి తెచ్చుకుని, పెదాలు కదిపింది.

"రూ... తు. రూతు. టీచర్, ఇది మీ పేరేగా?"

తరగతంతా నా వంక చూసింది. హెడ్మిస్ట్రెస్ కూడా చూసింది.

"ఎవరు రాశారు టీచర్?"

"నేనే," అన్నాను. "మా నాన్న వద్దని చెప్పాడు. ఆయన చూడకుండా నేనే రాశాను."